ఆరె నుంచి అక్షరం దాకా – 9: అది బట్టలు కుట్టే మిషను కాదు

పాత సింగర్ మిషన్లకు ఇప్పుడు మంచి రోజులొచ్చాయి. హైదరాబాద్ కాఫీ హోటళ్లలో వాటి ఇనుప కాళ్ల మీద గ్రానైట్ బండ వేసి టేబుళ్లు చేస్తున్నారు. ఉన్నవాళ్ల ఇళ్లలో హాలు మధ్యన పెట్టి, నల్లటి ఒంటి మీది బంగారు పూలు కనపడేటట్టు పైన లైటు వేస్తున్నారు. "మా నానమ్మది" అని వచ్చినవాళ్లకు చూపిస్తున్నారు.

ఆ మిషన్లలోనే ఇంకో రకం ఉంది. దాన్ని ఎవరూ హాల్లో పెట్టరు. గోనెసంచిలో చుట్టి అటక మీదికి ఎక్కిస్తారు. మా ఇంట్లో 40 ఏళ్లకు పైగా ఉన్నది ఆ రెండో రకం. అది ఎందుకు దాగిందో, అదేమిటో నేను ఎట్లా గుర్తుపట్టానో, దాని మీద పని ఎట్లా నేర్చుకుంటున్నానో ఈ భాగంలో రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా నాయిన ప్రభుత్వ బడిలో టీచర్. బదిలీ అయినప్పుడల్లా కొత్త ఊళ్లో అద్దె ఇల్లు వెతకాలి. ఇల్లు ఇచ్చేవాళ్లు ముందు పేరు అడుగుతారు, తర్వాత ఇంటి పేరు, తర్వాత "మీరేవిట్లు?" అంటారు. సామాను దించేటప్పుడు ఆ గోనెసంచి మీద ఎవరి కన్నన్నా పడితే నాయిన, "మా అమ్మ జాకెట్లు కుట్టే మిషను" అని చెప్పేవాడు. మేమూ అదే నమ్మి పెరిగాం. ఆ మాటకు నేను నాయినను తప్పు పట్టను. ఆ మిషను సంచిలోంచి బయటికి వస్తే ఇల్లుగలాయన మమ్మల్ని కులం అడగాల్సిన పని ఉండదు. అది చూస్తేనే తెలిసిపోతుంది. ఆ సంగతి నాయినకు తెలుసు.

నాయిన పోయిన తర్వాత ఇంటికి సున్నం వేయిస్తూ సామాను దించాం. పాత ఇనుము కొనేటాయన కిలో లెక్కన అడిగాడు. మా తమ్ముని బిడ్డ తన బట్టల షాపులో అలంకారానికి పెట్టుకుంటానంది. ఇద్దరికీ ఆగమని చెప్పి, సంచి విప్పి ముందర పెట్టుకుని కూర్చున్నాను.

పాత మిషను ఏదో గుర్తుపట్టాలంటే పేరు చూస్తే చాలదు. సింగర్ అని బొమ్మ వేసుకున్న మిషన్లు వందల రకాలు. ముందు దాని ఒడలు చూడాలి. బట్టలు కుట్టే మిషనుకు సూది కింద చదునైన పలక ఉంటుంది, గుడ్డ దాని మీద పరుచుకుంటుంది. సూది కింద పలక పక్కన పళ్లు పైకి వచ్చి గుడ్డను వెనక్కి తోస్తాయి. మన దగ్గర టైలర్ల దగ్గర కనిపించే నల్లటి మిషన్లు, ఉషావైనా ఇంకొకటైనా, చాలావరకు సింగర్ 15వ తరగతి పద్ధతిలో వచ్చినవే. వాటికి గుండ్రటి బాబిన్, బాబిన్ కేసు ఉంటాయి. ఇంకా పాతవాటిలో షటిల్ పడవ ఆకారంలోనో, తుపాకి గుండు ఆకారంలోనో ఉండి, లోపల పొడుగాటి బాబిన్‌తో ఊయల లాగ ఊగుతుంది.

మా మిషనుకు సూది కింద పలకే లేదు. ఒక సన్నటి పొడుగాటి గొట్టం మాత్రం చెయ్యి చాచినట్టు ముందుకు వచ్చింది. గుడ్డ పరిచేందుకు చోటు లేదు. కింద పళ్లు లేవు. పళ్లు పైన, పాదానికే ఉన్నాయి. పాదాన్ని పట్టుకుని తిప్పితే చుట్టూ, పూర్తిగా 360 డిగ్రీలు తిరిగింది. జాకెట్టు కుట్టేందుకు ఇవేవీ అక్కర్లేదు. చెప్పు లోపలికి, సంచి మూలలోకి, బూటు మునివేళ్ల దాకా దూరాలంటే మాత్రం ఆ సన్నటి గొట్టం కావాలి. వస్తువును తిప్పే చోటు లేనప్పుడు పాదమే తిరగాలి. ఇది తోలు కుట్టే మిషను.

కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడిస్తే చిన్న ఇత్తడి పలక మీద 29కె అని కనపడింది. సింగర్ 29వ తరగతి అంటే చెప్పులు, తోలు సంచులు, జీను సామాను బాగుచేసే మిషను. ప్రపంచమంతటా చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర ఉన్న మిషను ఇదే. "కె" అంటే కిల్‌బోవీ. స్కాట్లాండులో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో కిల్‌బోవీ దగ్గర సింగర్ కట్టిన ఫ్యాక్టరీలో తయారైందని గుర్తు. ఇంగ్లీషు అక్షరం, దాని వెనక అంకెలు ఉన్న నంబరు వేరే చోట చెక్కి ఉంటుంది. 1900కు ముందటి సింగర్ మిషన్లకు వట్టి అంకెలే ఉంటాయి. ఆ తర్వాత ముందర అక్షరం చేరింది. మాది "వై" అక్షరంతో మొదలైంది. అంటే క్లైడ్‌బ్యాంక్‌లో 1920లు, 30లలో పుట్టింది.

ఆ ఫ్యాక్టరీ గురించి ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. 1911 మార్చిలో అక్కడ చెక్క పెట్టెలకు పాలిష్ పెట్టే ఆడవాళ్లు 15 మంది ఉంటే, ముగ్గురిని వేరే పనికి మార్చి, ఆ ముగ్గురి పని కూడా మిగతా 12 మంది నెత్తినే పెట్టింది యాజమాన్యం. ఆ 12 మంది పని ఆపారు. కొద్ది రోజుల్లోనే దాదాపు 11 వేల మంది వాళ్ల వెనక నిలబడ్డారు. సమ్మె ఏప్రిల్‌లో ఓడిపోయింది, ముందుండి నడిపినవాళ్ల ఉద్యోగాలు ఊడాయి. 1980లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఊళ్లో రైల్వే స్టేషను పేరు మాత్రం ఇప్పటికీ సింగర్ అనే ఉంది. మా అటక మీదికి చేరిన ఇనుము వెనక కూడా "మా నెత్తిన ఎక్కువ పని పెడితే చెయ్యం" అన్న ఆడవాళ్లు ఉన్నారని తెలిశాక ఆ మిషను నాకు ఇంకా దగ్గరిదైంది.

ఇప్పుడు తాత దగ్గరికి వద్దాం. మా చిన్నాయిన చెప్పగా రాసుకున్నది ఇది. తాత ఊళ్లో ఉన్నన్నాళ్లూ చేసింది వెట్టి. దొర గడికి కిర్రుచెప్పులు, మోట కొట్టేందుకు బొక్కెనకు తోలు తొండం, ఎద్దులకు పలుపులు, అన్నీ ఇయ్యాలి. చచ్చిన గొడ్డును మోసేది మనమే, లందలో తంగేడు చెక్క నీళ్లలో తోలు నానబెట్టేది మనమే, కుట్టేది మనమే. అయ్యిందానికి ధర లేదు. కళ్లం దగ్గర ఇన్ని గింజలు పోస్తే పోసినట్టు, లేకుంటే లేదు. ఇన్ని జతలకు ఇంత అని అడిగే హక్కు లేదు. తెలంగాణ పల్లెల్లో మాదిగ వాడల కథ అప్పుడు ఇట్లనే ఉండేది.

తాత ఊరు విడిచి సికింద్రాబాద్ చేరాడు. కంటోన్మెంటు ఉన్న చోట బూట్లకూ, బెల్టులకూ, గుర్రాల జీన్లకూ పని ఉంటుంది. అక్కడ ఒక దుకాణంలో జీతానికి కుదిరి, ఆ మిషను మీద చెయ్యి తిప్పుకున్నాడు. తర్వాత వాడిన మిషను ఒకటి నెలనెలా కిస్తు కట్టి కొన్నాడు. కిస్తుల మీద మిషన్లు అమ్మే పద్ధతిని సింగర్ కంపెనీ 1850లలోనే మొదలుపెట్టింది. చేతిలో పెట్టుబడి లేనివాళ్లకు కూడా మిషను అందింది అందుకే. మా తాత కిస్తు కంపెనీకి కాదు, ఆ దుకాణం యజమానికి. లెక్క మాత్రం అదే.

మిషను వచ్చిన రోజు నుంచి తాత పనికి ధర వచ్చింది. అతుకు ఇంత, పట్టీ ఇంత, జిప్పు ఇంత అని చెప్పేవాడట. గొప్పగా బతికాడని కాదు. పైసలు చేతిలో పెట్టకుండా ముందర విసిరేసే గిరాకీలు ఉన్నారు. మంచినీళ్లు ఎత్తి దోసిట్లో పోసే హోటలు ఉంది. పట్నం అంటరానితనాన్ని ఏం తీసెయ్యలేదు. కానీ "గడికి రా, జత పట్టుకు రా" అనేవాడు లేడు. ఇష్టం లేకపోతే పని తీసుకోకుండా ఉండొచ్చు. మా ఇంట్లో వెట్టి తెగింది ఆ మిషను దగ్గర. మా నాయిన బడికి పోయింది ఆ అతుకుల పైసలతో. నా చదువు కూడా దాని నుంచి వచ్చిందే.

మా నాయినమ్మ పేరు కూడా ఇందులో ఉండాలి. దారానికి మైనం రాసేది ఆమె, తోలు తడిపి సుత్తితో కొట్టి మెత్తగ చేసేది ఆమె. 29కె పై తోలు కుడుతుంది గానీ, లావుపాటి అడుగు కుట్టలేదు. అడుగు ఆరెతో చేత్తోనే కుట్టాలి. ఆ పని సగం ఆమె చేసేదట. మిషను ముందు మాత్రం ఆమెను ఎన్నడూ కూర్చోనియ్యలేదు. మిషను మగవాళ్లది.

అందుకే నేను కూర్చోవాలనుకున్నాను.

నేర్పేవాళ్లు ఎవరు? మా ఇంటికి రెండు బస్టాపుల అవతల, రోడ్డు మూలన గొడుగు కింద అదే రకం మిషను పెట్టుకుని ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. పోయి అడిగాను. "నీకెందుకు బిడ్డా గీ పని? సదువుకున్నదానివి" అన్నాడు. "మా తాత మిషను పెద్దనాయినా, నడిపించాలె" అన్నాను. ఆయన కాసేపు నా దిక్కు చూసి, "మీదే వాడ?" అని అడిగాడు. చెప్పాను. "ఐతారం నాడు రా" అన్నాడు.

మొదటి రెండు ఐతారాలు కుట్టు లేదు, శుభ్రం చేయడమే. ఏళ్ల తరబడి ఆగిన మిషను చక్రాన్ని బలవంతంగా తిప్పొద్దు. లోపల ఎండిన నూనె జిగురులాగ పట్టుకుని ఉంటుంది. నూనె బెజ్జాల్లో కిరసనాయిలు చుక్కలు వేసి ఓ రోజు వదిలెయ్యాలి, కొంచెం కదిలించాలి, మళ్లీ వెయ్యాలి. వదులయ్యాక తుడిచి మిషను నూనె వెయ్యాలి. కొబ్బరినూనె వెయ్యొద్దు, చలికాలం గడ్డకడుతుంది, తర్వాత జిగురవుతుంది.

దారం ఎక్కించడం ఇంకో విద్య. టైలరు మిషనుకు దారం బయట బయటనే వస్తుంది. దీనికి సూదిని పట్టుకునే కడ్డీ లోపల బోలుగా ఉంటుంది, దారం దాంట్లోంచి కిందికి దిగాలి. దానికో పొడుగాటి సన్న తీగ కావాలి. మా మిషను తీగ ఎప్పుడో పోయింది. పెద్దనాయిన తన దగ్గరున్న తీగ ముక్క కొస వంచి చేసిచ్చాడు. సూదికి ఒక పక్క పొడుగునా గాడి ఉంటుంది. దారం గాడి ఉన్న దిక్కు నుంచే కంట్లోకి పోవాలి, షటిల్ తిరిగేది రెండో దిక్కు. ఇది అన్ని మిషన్లకూ ఒకటే సూత్రం. తోలు సూది కొన వేరు. గుడ్డ సూది పోగుల మధ్య జరుపుకుని పోతుంది, తోలు సూది చిన్న కత్తిలాగ కోసుకుంటూ పోతుంది. గుడ్డ సూదితో తోలు కుడితే సూదికీ తోలుకూ రెండింటికీ చేటే.

తర్వాత దారం లేకుండా, పాత తోలు ముక్క మీద చక్రం తిప్పడం. ఆయన ఒకటే మాట చెప్పాడు: "తోలును నువ్వు గుంజకు బిడ్డా. పాదమే గుంజుకుంటది. నువ్వు గుంజితే సూది వంగుతది." ఈ మిషనుకు వెనక్కి కుట్టే మీట ఉండదు. వెనక్కి రావాలంటే పాదాన్ని వెనక్కి తిప్పాలి, అంతే. సంచికి పడిన బొక్క మీద గుండ్రటి అతుకు పెట్టి, సంచిని కదపకుండా పాదాన్ని మెల్లమెల్లగా తిప్పుకుంటూ చుట్టూ కుట్టించాడు. కుట్టు సరిగ్గా పడిందో లేదో తిరగేసి చూడాలి. పై దారం తాడులాగ బిగిసి పైననే ఉంటే పై బిగువు ఎక్కువైనట్టు. కింద ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే వదులైనట్టు. రెండు దారాల ముడి తోలు మందం మధ్యలో దాక్కోవాలి.

ఆ ముడి గురించి అడిగితే ఆయన మిషను ఆపి ఆరె తీశాడు. దాని కొసకు చిన్న కొక్కెం. పైనుంచి తోలులో గుచ్చాడు, కింద చెయ్యి పెట్టి దారాన్ని కొక్కేనికి తగిలించాడు, పైకి లాగాడు. దారం ఉచ్చులాగ వచ్చింది. ఆ ఉచ్చులోంచి రెండో దారం దూర్చి రెండు దిక్కులా గుంజాడు. ముడి తోలు మధ్యలోకి పోయి కూర్చుంది. "గదీ గిదీ ఒక్కటే" అన్నాడు మిషను దిక్కు చూపిస్తూ.

నిజంగా ఒక్కటే. ఎలియాస్ హోవే 1846లో అమెరికాలో పేటెంటు తీసుకున్న మిషను చేసింది ఇదే. సూది కొసకు కన్ను, అది దారాన్ని కిందికి తీసుకుపోయి కొంచెం పైకి లేవగానే ఉచ్చు ఏర్పడుతుంది, షటిల్ ఆ ఉచ్చులోంచి రెండో దారాన్ని తీసుకుపోతుంది. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు తీసుకున్నది కూడా దాని మీద మెరుగులకే. వాళ్లు మన వాడకు వచ్చి నేర్చుకున్నారని నేను అనడం లేదు. ఆ ముడిని అర్థం చేసుకునే బుద్ధి మన చేతుల్లో ముందే ఉందని అంటున్నాను. మా తాత కొత్త మిషను ముందు కూర్చుని అంత తొందరగా నేర్చుకున్నాడంటే ఆశ్చర్యం లేదు. లోపల ఏం జరుగుతుందో ఆయన చేతికి తెలుసు.

ఈ దేశంలో మాత్రం ఆ తెలివికి ఆ పేరు పెట్టలేదు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ పెట్టారు. అక్కడ చర్మాన్ని శుద్ధి చేస్తే శాస్త్రం, లందలో చేస్తే అంటు. వేరే చోట కూడా ఇట్లాంటి కథే ఒకటి ఉంది. యాన్ మాట్సెలిగర్ అని సురినామ్‌లో పుట్టిన నల్లజాతి మనిషి, అమెరికాలో లిన్ అనే ఊళ్లో బూట్ల ఫ్యాక్టరీలో కూలి. బూటు పై తోలును అడుగుకు బిగించే పని మిషనుతో కాదని అందరూ అనుకుంటున్నప్పుడు 1883లో దానికి మిషను కట్టి పేటెంటు తీసుకున్నాడు. చేత్తో రోజుకు 50 జతలయ్యే పని కొన్ని వందల జతలకు చేరింది. 1889లో, నిండా 37 ఏళ్లు లేకుండానే క్షయతో పోయాడు. మన పిల్లల పాఠాల్లో ఆయన పేరు ఎక్కడుంది?

గాంధీ గారి మాట ఒకటి గుర్తొస్తుంది. 1924లో రామచంద్రన్ అనే విద్యార్థితో మాట్లాడుతూ, యంత్రాల మీద తన వ్యతిరేకతకు సింగర్ మిషను మినహాయింపు అన్నారు. భార్య కుట్టుపనితో అలసిపోవడం చూసి, ఆమె మీది ప్రేమతో సింగర్ ఆ మిషను చేశాడని ఆయన నమ్మకం. సింగర్ చేసింది డబ్బు కోసం, దాన్ని దాచుకోలేదు కూడా. మా తాతకు కూడా ఆ మిషనుతో కావలసింది ఎవరి ప్రేమా కాదు. చేసిన పనికి ధర.

ఇది తెలిసిన మన యువమిత్రులు ఇద్దరు ముగ్గురు నాతో గొడవ పడ్డారు. "అక్కా, ఆరె వదలమని, చచ్చిన గొడ్డును ముట్టొద్దని బాబాసాహెబ్ చెప్పిండు. నువ్వు మళ్ల పోయి గదే పీట మీద కూసుంటవా?" అని. వాళ్ల కోపం న్యాయమైనది. మన పిల్లలు తోలు పనే చేయాలని ఎవరన్నా అంటే మొదట కొట్లాడేది నేనే. పుట్టుకతో అంటగట్టిన పని ఎంత గొప్పదైనా సంకెలే. అంబేడ్కర్ కులనిర్మూలనలో చూపించింది కూడా ఇదే: కులం గీత గీసింది పనుల మధ్య మాత్రమే కాదు, ఆ పనులు చేసే మనుషుల మధ్య.

కానీ వదలాల్సింది వెట్టిని, విసిరేసిన పైసను, "మీ పని మీరు చేసుకోండి" అనే మాటను. మన పెద్దల తెలివిని ఎందుకు వదలాలి? దాన్ని మనం దాచిపెడితే, రేపు ఇంకెవరో చేతితో చేసిన తోలు సంచి అని వేల రూపాయలకు అమ్ముకుంటారు, ఆ విద్య వాళ్లదే అంటారు. ఇప్పటికే అంటున్నారు. నాయిన దాచాడంటే, అప్పుడు దాచకపోతే మాకు అద్దె ఇల్లు దొరికేది కాదు. నాకు ఇప్పుడు ఇల్లుంది, రాసుకునే చోటుంది. నేను దాచాల్సిన అవసరం లేదు. ఆ తేడా నా గొప్ప కాదు, ఆ ఇద్దరి కష్టం.

కాబట్టి ఒక పని చెప్తున్నాను. మీ ఇళ్లలో, మీ వాడల్లో అటకల మీద ఏమున్నాయో చూడండి. మిషను అయితే తుడిచి నంబరు రాసుకోండి, తరగతి పలక వెతకండి, పాదం చుట్టూ తిరుగుతుందేమో చూడండి. ఆరె ఉంటే కొసకు కొక్కెం ఉందేమో చూడండి. ఇనుము కొనేవాడికి ఇచ్చే ముందు, దాంతో పనిచేసిన మనిషి బతికుంటే పోయి పక్కన కూర్చోండి. ఎంత ధర చెప్పేవాళ్లో, ఎవరు పైసలు విసిరేవాళ్లో, దారానికి మైనం ఎవరు రాసేవాళ్లో అడిగి రాసుకోండి. ఆడవాళ్ల పేర్లు మర్చిపోకండి.

వచ్చే ఐతారం పెద్దనాయిన నాకు సంచికి జిప్పు వేయడం నేర్పుతానన్నాడు. ఆయన మనవరాలు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది, ఆమె కూడా వస్తానంది. షటిల్ ఎట్లా తిరుగుతుందో బొమ్మ గీసి తెస్తుందట.

జై భీమ్.